పత్తిగింజకు పేరు పెట్టవలసినది ఎవరు?

సూరతు నుండి బరూచ్ వైపు పోయెడి రైలు తాపీ నదిని దాటిన పిదప ఉత్రాణ్, ఆ తరువాత కోసాడ్ అను చిన్న స్టేషను వస్తుంది. నేడక్కడ నగరపాలక సంస్థ కట్టించిన పేదల ఇండ్ల వరుసలు కనబడుతాయి గాని, ఆ ప్రాంతమంతా నల్లరేగడి, పత్తి పండిన నేల. ఆ నేలకును మన కర్నూలు, పాలమూరు జిల్లాలకును ఒక బంధము కలదు. అది పత్తిగింజ బంధము. రైల్వే, తపాలా ఉద్యోగులకు దీనితో ఏమి పని అని సోదరులు అడుగవచ్చును. పని ఉన్నది. ఆ గింజకు సరియైన పేరు వ్రాయలేదని రేపు చార్జిషీటు అందుకొనవలసినవారము మనమే.

1970లో సూరతు పత్తి పరిశోధన కేంద్రమునందు డాక్టర్ సి.టి. పటేల్ హైబ్రిడ్-4 ను రూపొందించారు. వాణిజ్య స్థాయిలో సాగుకు వచ్చిన ప్రపంచపు తొలి సంకర పత్తి అదియే. అంతకు పూర్వము జిన్నింగు మిల్లులో దూది విడిపోయిన గింజ అంతా ఒకటే. కొంత పశువులకు, కొంత నూనెకు, మంచిది ఏరి మరుసటి సంవత్సరపు విత్తుకు పోయెడిది. సంకర విత్తనము వచ్చిన తరువాత రైతు ప్రతి సంవత్సరము కొత్తగా కొనక తప్పలేదు. ఆ విత్తనము చేతిపనితో తయారగునది. సాయంత్రము మొగ్గను విప్పి కేసరములు తీసివేయవలెను, మరునాటి ఉదయము వేరొక మొక్క పుప్పొడిని అద్దవలెను. గుజరాతులోని బనాస్‌కాంఠాలోను, మన నంద్యాల, గద్వాల చేలలోను ఈ పని చాలకాలము చిన్నపిల్లల వ్రేళ్ళతోనే జరిగినది. ఆ వ్రేళ్ళకు ఏ సుంకపు పట్టికలోను గడి లేదు. అది వేరే వ్యాసమునకు తగిన విషయము.

ఇక పట్టిక సంగతి. అంతర్జాతీయ సుంకపు వర్గీకరణలో ఒకే పత్తికాయ అయిదు అధ్యాయములలో చెదరిపోయినది. గింజతో కూడిన పత్తియైనను, వేరు చేసిన దూదియైనను 52వ అధ్యాయము. గింజ 12, గింజనంటిన పొట్టి నూగు 14, నూనె 15, చెక్క 23. విత్తుటకు ఉద్దేశించిన గింజలకు 1209 అను ప్రత్యేక శీర్షిక ఉన్నది గదా, పత్తి విత్తనము అక్కడికే పోవలెనని ఎవరైనను అనుకొందురు. పోదు! ఆ అధ్యాయపు మూడవ గమనిక దానిని అక్కడి నుండి తప్పించి, విత్తనమైనను నూనెగింజయైనను 1207 లోనే ఉంచినది. 2012 నుండి మాత్రమే ఆ శీర్షిక క్రింద విత్తనమునకు 1207.21, ఇతరమునకు 1207.29 అని రెండు గదులు చేశారు. లోకజ్ఞానముతో వ్రాసినవాడు తప్పు వ్రాయునట్లు ఏర్పడిన పట్టిక ఇది.

ఆ రెండు గదుల నడుమ గోడ పలుచన, డబ్బు మాత్రము దండి. విత్తన నాణ్యత గల గింజకు జి.ఎస్.టి. లేదు, నూనెకు పోవు గింజకు అయిదు శాతము. 2024లో 475 గ్రాముల బి.జి.-2 పాకెట్టుకు కేంద్రము నిర్ణయించిన గరిష్ఠ ధర 864 రూపాయలు. నూనెమిల్లుకు పోవు గింజ ధర అందులో ఏ మూలకు? పన్ను తప్పించుకొనువాడు నూనెగింజను విత్తనమంటాడు. విత్తన చట్టమును, మొక్కల క్వారంటైనును తప్పించుకొనువాడు విత్తనమును నూనెగింజ అంటాడు. పైగా గింజ లోపల ఏ జన్యువున్నదో ఆ సంఖ్య చెప్పనే చెప్పదు. 2001లో అనుమతి లేని బి.టి. పత్తి గుజరాతు చేలలో బయటపడినప్పుడు అది అప్పటికే పూసి కాసినది. ప్రభుత్వానుమతి 2002 మార్చిలో గాని రాలేదు.

రంగు పూసిన విత్తనమును చూడగానే గుర్తించవచ్చును గదా అని కొందరు అధికారులు సెలవిస్తున్నారు. నూగు తీసి, మందు పట్టించి, పాకెట్టులో పోసినదానిని ఎవరైనను గుర్తిస్తారు. నూగు తీయని గింజ బస్తాను విప్పి, ఇది విత్తుటకా, గానుగకా అని పార్సిలు గుమాస్తా ఏ కళ్ళతో చూచి చెప్పవలెను? ఆ తేడా గింజలో లేదు, పంపువాని ఉద్దేశములో ఉన్నది.

చట్టమునకు ఈ సంగతి తెలియనిది కాదు. 1989 రైల్వే చట్టము 66వ సెక్షను ప్రకారము సరకు వివరము వ్రాసి ఇవ్వవలసినది సరకుదారు, అబద్ధమైనచో 163వ సెక్షను క్రింద శిక్ష అతనికే. కస్టమ్సులోను 2011 నుండి స్వీయ మదింపే అమలులో ఉన్నది. అయినను 2022లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములు తెరచిన నాటి నుండి, ఎగుమతి పత్రములో సుంకపు సంఖ్య ఏమి వేయవలెనని కౌంటరుకు వచ్చినవారు అడుగునది తపాలా గుమాస్తానే. అతనికి పన్నెండవ అధ్యాయపు గమనికలు ఎవరు బోధించారు? 2020లో అమెరికాలో ఇంటింటికి ఎవరో తెలియని విత్తనపు పొట్లములు తపాలాలో వచ్చినవి. వానిలో చాలవాటిపై నగలనియు బొమ్మలనియు వ్రాసియున్నది. ఆ ఆగస్టులో మన వ్యవసాయ శాఖ కూడ రాష్ట్రములను హెచ్చరించినది. హెచ్చరిక కాగితము కౌంటరు గుమాస్తాను గుర్తించమంటుంది గాని, గుర్తించుటకు భూతద్దమైనను ఇవ్వదు.

మోసము లేనిచో ఉద్యోగికి బాధ్యత లేదని తపాలా చట్టము చెప్పుచున్నది గదా అని వాదించువారికి మా ప్రత్యుత్తరము ఒక్కటే: రూల్ 16 చార్జిషీటుకు ఆ రక్షణ అడ్డురాదు. నిర్లక్ష్యమను ఒక్క మాటతో జీతము నుండి రికవరీ చేయుట మన సోదరులెందరికో అనుభవమే. రైల్వేలో దాని కవలసోదరి రూల్ 11. సంఖ్యను తప్పుగా వేసిన వర్తకుడు సవరణ పత్రము పెట్టుకొని పోతాడు. దానిని ముట్టుకొన్న గుమాస్తా సంవత్సరముల తరబడి వివరణలు వ్రాసుకొంటాడు.

కావున మేము కోరునది మూడే మాటలు. సుంకపు సంఖ్యను పంపువాడే స్వహస్తముతో వ్రాసి సంతకము చేయవలెను. విత్తనములని అనుమానము గలిగిన పార్సిలును నిలిపి, క్వారంటైను అధికారికి అప్పగించుటతో ఉద్యోగి పని ముగిసినట్లు రైల్వే బోర్డు, తపాలా డైరెక్టరేట్ లిఖితపూర్వకముగా ఉత్తర్వు ఇవ్వవలెను. ఆ ఉత్తర్వు ప్రతి తెలుగులో ప్రతి కౌంటరు వద్ద ఉండవలెను. అంతవరకు, పంపువాని సంతకము లేని వివరముపై తమ చేతితో సంఖ్య వేయవద్దని బ్రాంచీలన్నిటికిని సూచిస్తున్నాము.