నాన్న అలసట ఎవరి లెక్కలో ఉంది?

ఢిల్లీలోని మునిర్కా మెట్రో స్టేషన్ బయట ఔటర్ రింగ్ రోడ్డు మీద పనిరోజున పొద్దున్నే నిలబడితే రెండు రకాల తండ్రులు కనిపిస్తారు. గురుగ్రామ్‌లో రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్ దిగేవారు కొందరు. పిల్లల బ్యాగు భుజాన వేసుకుని స్కూలు బస్సు కోసం ఎదురుచూసేవారు మరికొందరు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకరే. మెడలో ఆఫీసు ట్యాగు ఇంకా వేలాడుతూనే ఉంటుంది, చేతిలో పాప టిఫిన్ డబ్బా. బస్సు కదిలాక ఇంటికెళ్లి హాయిగా పడుకుంటాడనుకోలేం. జేఎన్‌యూకి, ఆర్.కె.పురానికి, వసంత విహార్‌కి పొలాలు పోగా ఈ పాత జాట్ గ్రామంలో మిగిలిన కాస్త నేల మీద నాలుగైదు అంతస్తుల ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లేచాయి. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. కింద కూరగాయల బండి కేక, పైన నీళ్ల మోటారు మోత. అక్కడ పగటి నిద్ర అంటే కునికిపాట్లే.

ఐఐటీలోనో జేఎన్‌యూలోనో చదువుకోవడానికి, పక్కనే బేర్ సరాయ్‌లో కోచింగ్‌కి వచ్చి, ఉద్యోగం కుదిరాక ఇక్కడే సంసారం పెట్టిన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల ఉన్నారు. ఇంటద్దె, స్కూలు ఫీజు, ఊళ్లో కట్టించిన ఇంటి ఈఎంఐ, అమ్మకు షుగర్ మందులు... జీతం పడ్డ వారంలోనే ఖాతా ఖాళీ అవుతుంది. ఇక బిడ్డను కాసేపు ఎత్తుకునే నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త పదిహేను వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నారు. జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన రాత్రంతా కూర్చోవాలంటే ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరూ పొద్దున్నే పనిలోకి పోవలసినవాళ్లే.

ఇలాంటి తండ్రి డాక్టర్ దగ్గరికి వెళ్లి అలసిపోయానని చెప్పడు. గ్యాస్ అంటాడు. మెడ పట్టేసిందంటాడు. నిద్ర సరిగా పట్టట్లేదని మాట వరసకు అంటాడు. డాక్టర్ బీపీ చూసి, ఉప్పు తగ్గించమని, పొద్దున్నే నడవమని చెప్పి మాత్ర రాసిస్తారు. రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, రాత్రుళ్లు పిల్లల కోసం లేచేదెవరు అన్న ప్రశ్నలు ఆ గదిలో రావు. నా దృష్టిలో అసలు జబ్బు చరిత్ర అక్కడే తప్పిపోతోంది.

తప్పిపోవడానికి ఒక కారణం వైద్య వర్గీకరణలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితా (ఐసీడీ-11) బర్న్‌అవుట్‌ను, అంటే తీరని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, గుర్తించింది. అయితే దాన్ని జబ్బు అనలేదు, ఉద్యోగ జీవితానికి సంబంధించిన పరిస్థితి అని మాత్రమే అంది. జీవితంలోని ఇతర రంగాలకు ఆ మాట వాడకూడదని కూడా స్పష్టంగా రాసింది. అంటే ఆఫీసు గేటు దాటగానే ఆ తండ్రి అలసట లెక్కలోంచి జారిపోతుంది. గేటుకు లోపలా బయటా ఒళ్లు మాత్రం ఒకటే.

ఆ ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పే ఆధారాలు ఇప్పుడు గట్టిగానే ఉన్నాయి. బెల్జియంలోని లూవేన్ విశ్వవిద్యాలయంలో ఇజబెల్ రాస్కమ్, మొయిరా మికొలాయ్‌చాక్ చాలా ఏళ్లుగా తల్లిదండ్రుల బర్న్‌అవుట్ మీద పనిచేస్తున్నారు. వారి బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో మాటల్ని పక్కనబెట్టి వెంట్రుకల్ని పరీక్షించారు. ఒత్తిడి వేళ అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్ హార్మోన్ వెంట్రుకలో నిలిచిపోతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక కుదురు దగ్గరి మూడు సెంటీమీటర్లు చూస్తే గడిచిన మూడు నెలల ఒత్తిడి తెలుస్తుంది. బిడ్డల పెంపకంలో పూర్తిగా అలసిపోయిన తల్లిదండ్రుల్లో ఆ కార్టిసాల్ మిగతా తల్లిదండ్రులకన్నా రెట్టింపు ఉంది. అదే పరిశోధకులు తల్లుల్నీ తండ్రుల్నీ పోల్చి చూసినప్పుడు మరో సంగతి తేలింది. బర్న్‌అవుట్ తల్లుల్లోనే ఎక్కువ. కానీ అది వచ్చిన తండ్రుల్లో, అన్నీ వదిలేసి పారిపోవాలన్న ఆలోచన, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన మరింత బలంగా కనిపించాయి.

మామూలుగా కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, రాత్రికి తగ్గుతుంది. నెలల తరబడి ఒత్తిడి, రాత్రి షిఫ్టులు, విరిగిన నిద్ర కలిస్తే ఆ ఎగుడుదిగుళ్లు చెదిరిపోతాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. నిద్రలో తగ్గవలసిన బీపీ తగ్గదు. నిద్ర చాలని మర్నాడు ఆకలి హార్మోన్లు కూడా గతి తప్పి, రాత్రి రెండింటికి ఆఫీసు క్యాంటీన్‌లో సమోసా, పరాఠాల వైపు చెయ్యి లాగుతుంది. దాన్ని తిండి మీద అదుపు లేకపోవడమని ఆ మనిషి నెత్తిన వేయడం సులువు, న్యాయం కాదు.

ఇది ఢిల్లీకే పరిమితం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ఫలితాలు వెల్లడించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం. గంటల తరబడి కుర్చీ, నిద్రలేమి, షిఫ్టులు, ఒత్తిడి అన్నీ ఇందులో కారణాలే. వారిలో తండ్రులెందరో నాకు ముఖ్యమనిపించే ప్రశ్న. ఉద్యోగుల ఆరోగ్య పరీక్షల్లో ఇంట్లో పసిపిల్లలున్నారా అని అడిగే గడి ఒకటి ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా మరింత సూటిగా ఉంది. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016లో సుదీర్ఘ పనిగంటల వల్ల 7,45,000 మంది పోయారు. మరణాల్లో 72 శాతం పురుషులవే. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తోందని, మిగతా ప్రపంచంకన్నా దాదాపు ఆరేళ్లు ముందని 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఎప్పుడో చెప్పింది. యాభై మూడంటే, ముప్పై దాటాక తండ్రి అయిన వాడి పిల్లలు ఇంకా చదువుల్లో ఉండే వయసు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. మోసేదంతా ఆడవాళ్లయితే మగవాళ్ల అలసట గురించి ఈ బాధేమిటి? కేంద్రం నిర్వహించిన 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ అంకెను ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే తండ్రి నీరసించి మూల కూర్చున్న ఇంట్లో ఆ 289 నిమిషాలు ఇంకా పెరుగుతాయి. అతని విసుగు మొదట తగిలేది భార్యకే, తర్వాత పిల్లలకు. తండ్రి ఆరోగ్యం గురించి అడగడమంటే తల్లి భారం గురించి కూడా అడగడమే.

పైగా బిడ్డను సాకడం మగవాడి ఒంటికి పరాయి పని కాదు. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకుల్ని కొన్నేళ్లు గమనించి లీ గెట్లర్ బృందం 2011లో చెప్పిన మాట ఇది: తండ్రులైన వారిలో టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది, రోజుకు మూడు గంటలు, అంతకుమించి బిడ్డ సంరక్షణలో గడిపేవారిలో అది మరింత తక్కువగా ఉంది. బిడ్డ వచ్చిందని ఒళ్లు తనంతట తాను సర్దుకుంటుంది. సర్దుకోనిది షిఫ్టు.

చట్టమూ సర్దుకోలేదు. 2017 సవరణ తర్వాత తల్లికి 26 వారాల సెలవుంది. తండ్రికి కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయితే కంపెనీ దయ. రాజీవ్ సాతవ్ 2017లో లోక్‌సభలో పెట్టిన పితృత్వ ప్రయోజన బిల్లు ప్రైవేటు సభ్యుడి బిల్లుగానే మిగిలిపోయింది. ఈలోగా పనిగంటలు మాత్రం పెరిగే దారిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచేందుకు ఒప్పుకుంది. తెలంగాణ ఆ మరుసటి నెలే వాణిజ్య సంస్థల్లో 10 గంటలకు అనుమతిచ్చింది, వారానికి 48 గంటల హద్దు ఉంచుతూ. రోజుకో గంట అంటే పెట్టుబడిదారుకు చిన్న వెసులుబాటు. మూడేళ్ల పిల్ల నిద్రపోకముందు ఇల్లు చేరాలనుకునే తండ్రికి ఉన్నది ఆ ఒక్క గంటే.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. బిడ్డ పుట్టడానికి ముందూ తర్వాతా కుంగుబాటుకు లోనయ్యే తండ్రులు దాదాపు పది శాతమని 2010లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. ఆ తండ్రుల్ని వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల... టీకాల కోసం బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి వచ్చేవారిలో తండ్రులూ ఉంటారు. బీపీ మిషన్ అక్కడే ఉంటుంది. తల్లికి చూసినట్టే తండ్రికీ చూడాలి, ఎన్ని గంటలు పడుకుంటున్నారో, ఎన్ని గంటలు పనిచేస్తున్నారో అడిగి టీకా కార్డులోనే రాయాలి. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416 తెలుగులోనూ మాట్లాడుతుంది, రాత్రీ పగలూ. ఆ నంబరును కార్డు మీద అచ్చేయించడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఆరోగ్య శాఖ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.