తోటబల్లకు కొబ్బరిచెక్క

తోటబల్లకు చెక్క యొకటి విఱిగినంతనే బల్లనంతయు బాఱవైచుట వివేకము గాదని మా యభిప్రాయము. మాఱుచెక్కకై కోనసీమవారు దూరము పోనక్కఱలేదు. 1996 నవంబరు 6వ తేదీ గాలివానకు మన కొబ్బరితోటలెన్నియో కూలెనని పెద్దలెఱుగుదురు. కూలిన ముదురుచెట్టు కేవలము వంటచెఱకు గాదు. దాని మ్రానున నడిమిభాగము మెత్తన, వెలుపలిభాగము మిక్కిలి గట్టి. ఆ గట్టిభాగమునే గ్రహించి, పాతచెక్కను కొలతగా నుంచి కోసి, చిత్రికపట్టి, చీలిపోకుండ ముందుగా బరమాతో రంధ్రములు చేసి మరమేకులు బిగింపవలెను. అవిసెనూనె పూసి యారనిచ్చినచో తడికి కొంత యోర్చును.

విద్యార్థులారా! కలము పట్టిన చేయి రంపము పట్టుటకు సిగ్గుపడినచో నా చదువు సగము చదువే. తలిదండ్రులారా! క్రొత్తబల్ల కొనుటకు ముందు, మీ కనుసన్నలనే బిడ్డలచేత నీ పని చేయించి చూడుడని మేము కోరుచున్నాము.