ప్యాడిల్ ఎత్తేముందు ఒక్కసారి కాజీపేటలో దిగండి!

2024 నవంబర్ 24, ఆదివారం మధ్యాహ్నం. హన్మకొండలో మా ఇల్లు. భోజనాలు కానిచ్చి టీవీ ముందు చేరాం... నేను, నాన్న, మా బాబాయి కొడుకు. మ్యాచ్ కాదండీ, ఐపీఎల్ వేలం. ఎక్కడో జెడ్డాలో టేబుళ్ళ చుట్టూ కూర్చున్న వాళ్ళు ప్యాడిళ్ళు ఎత్తుతుంటే ఇక్కడ సోఫాలో కూర్చుని "ఎత్తు ఎత్తు", "వద్దురా నాయనా దించు" అని మేం అరవడం. నిజం చెప్పాలంటే నాకు మ్యాచ్ కన్నా ఇదే ఎక్కువ టెన్షన్. మ్యాచ్ పోతే ఒక్క సాయంత్రం పోతుంది. మెగా వేలంలో తప్పు చేస్తే మూడేళ్ళు పోతాయి.

ఆ రోజు మన సన్‌రైజర్స్ వాళ్ళు షమీకి 10 కోట్లు, ఇషాన్ కిషన్‌కి 11.25 కోట్లు, హర్షల్ పటేల్‌కి 8 కోట్లు పెట్టారు. అదే రోజు మన సిరాజ్ 12.25 కోట్లకి గుజరాత్‌కి పోయాడు.

నాన్న అడిగాడు: "సిరాజ్ మనోడే గదరా. మనోళ్ళెందుకు తీస్కోలే?"

నేను పెద్ద తెలిసినవాడిలా లెక్క చెప్పాను. "మొత్తం 120 కోట్లు నాన్నా. ఐదుగురిని ఉంచుకునేటందుకే 75 అయిపోయినయి. మిగిలింది 45."

"మరి షమీకి యాడికెల్లి వచ్చినయి పైసలు?"

నా దగ్గర సమాధానం లేదు. రిటైరైన టీచరు, ఎక్సెల్ షీటు ముట్టని మనిషి, ఒక్క ప్రశ్నతో నా అనాలిసిస్ అంతా పీకి పారేశాడు. ఆ ప్రశ్న దగ్గరే ఈ గోల మొదలైంది.

మనందరికీ తెలిసిన భాషలో చెప్తాను. ఐపీఎల్ వేలం అంటే ఏమీ లేదు, రిక్రూట్‌మెంటే. పర్సు అంటే ప్రాజెక్టు బడ్జెట్. రిటెన్షన్ అంటే రిటెన్షనే. రైట్ టు మ్యాచ్ కార్డు అంటే, మీరు పేపర్లు వేశాక మేనేజర్ పరిగెత్తుకొచ్చి ఇచ్చే కౌంటర్ ఆఫర్. మరి మన ఆఫీసుల్లో జరిగేదేమిటి? మంచి రెజ్యూమే ఉన్నవాడిని భారీ హైక్ ఇచ్చి బయటి నుంచి తెస్తారు. ఆయన వచ్చి ఆరునెలలు పవర్‌పాయింట్లు చేస్తాడు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే లేచి ఫిక్స్ చేసేది కేంపస్ నుంచి వచ్చిన కుర్రాడు. అప్రైజల్లో వాడికి అందరితోపాటు అదే సగటు రేటింగు. వాడు విసిగిపోయి వెళ్ళిపోతాడు. రెండేళ్ళ తర్వాత కాల్‌లో క్లయింట్ వైపు కూర్చుని మనల్నే ప్రశ్నలు అడుగుతాడు. ఈ కథ మీ టీమ్‌లో జరగలేదని చెప్పండి, ఇక్కడితో ఆపేస్తాను :-)

హైదరాబాద్ జట్టు 2008 నుంచీ చేస్తున్నది ఇదే. పేరు మారింది, ఓనర్లు మారారు, జబ్బు మాత్రం మారలేదు.

2008లో డెక్కన్ ఛార్జర్స్. సైమండ్స్‌కి 13.5 లక్షల డాలర్లు. గిల్‌క్రిస్ట్, అఫ్రిది, గిబ్స్... కాగితం మీద చూస్తే ప్రపంచ కప్ టీము. 14 మ్యాచుల్లో గెలిచినవి 2, అట్టడుగు స్థానం. సరిగ్గా ఏడాది తిరిగేసరికి 2009లో దక్షిణాఫ్రికాలో అదే జట్టు కప్పు కొట్టింది. గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీ గొప్పదే, కాదనను. కానీ ఆ జట్టులో హైదరాబాద్ తరఫున ఆడే సుమన్, ప్రజ్ఞాన్ ఓఝా ఉన్నారు, విశాఖ కుర్రాడు వేణుగోపాల్ రావు ఉన్నాడు, రోహిత్ శర్మ అనే ఇరవై రెండేళ్ళ అబ్బాయి ఉన్నాడు. మొదటి సీజన్లలో స్థానిక ఆటగాళ్ళు కొందరిని తీసుకోవాలన్న నిబంధన ఉండేది లెండి. బలవంతాన తీసుకున్నా పనికొచ్చారు!

మరి కప్పు తెచ్చిన జట్టుని ఏం చేశారు? 2011 వేలానికి ముందు ఒక్కరంటే ఒక్కరిని కూడా ఉంచుకోలేదు. ఆ రోహిత్‌ని 20 లక్షల డాలర్లకి ముంబై పట్టుకుపోయింది. అతని కెప్టెన్సీలో వాళ్ళు ఐదు కప్పులు కొట్టారు. మనం 2012లో ఏకంగా జట్టునే పోగొట్టుకున్నాం.

సరే, సన్‌రైజర్స్ వచ్చారు. మొదట్లో బుర్ర పెట్టి కొన్నారు, ఒప్పుకోవాలి. 2014లో భువనేశ్వర్‌కి 4.25 కోట్లు, వార్నర్‌కి 5.5 కోట్లు. 2016లో ముస్తాఫిజుర్‌కి 1.4 కోట్లు. ఆ ఏడాదే కప్పు. 2017లో రషీద్ ఖాన్‌కి 4 కోట్లు. 2018లో నటరాజన్‌కి 40 లక్షలు. వీళ్ళెవరూ ఆ రోజుకి ఆ వేలంలో అందరూ ఎగబడ్డ పేర్లు కాదు. ఎవరో కూర్చుని చూసి, ఓపిగ్గా లెక్క వేసి తీసుకున్నవాళ్ళు.

తర్వాత ఏ పురుగు కుట్టిందో మరి. 2022కి ముందు విలియమ్సన్‌ని 14 కోట్లకి ఉంచుకుని రషీద్‌ని వదిలేశారు. విలియమ్సన్ అంటే నాకూ గౌరవమే, ఆయన్ని తిట్టేవాడు మనిషే కాదు. కానీ ఆ సీజన్లో 13 మ్యాచుల్లో 216 పరుగులు. రషీద్ కొత్త జట్టు గుజరాత్‌కి వెళ్ళి మొదటి ఏడే కప్పు ఎత్తాడు. అదే వేలంలో పూరన్‌కి 10.75 కోట్లు, రొమారియో షెపర్డ్‌కి 7.75 కోట్లు. షెపర్డ్ ఆడింది 3 మ్యాచులు. మరుసటి ఏడాది పూరన్నీ వదిలేశారు, విలియమ్సన్నీ వదిలేశారు. 2023లో హ్యారీ బ్రూక్‌కి 13.25 కోట్లు. కోల్‌కతా మీద ఒక్క సెంచరీ, మొత్తం 190 పరుగులు, ఆయనా బయటికి. ఏడాదికోసారి మొత్తం టీముని తీసేసి మళ్ళీ హైర్ చేసే కంపెనీలో మీరు చేరతారా? నేనైతే చేరను.

"ఆగు బాబూ, 2024 సంగతేంటి?" అంటారు. న్యాయమైన ప్రశ్న. కమిన్స్‌కి 20.5 కోట్లు పెట్టినప్పుడు నేనూ నెత్తి కొట్టుకున్నాను. ఆయన జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. నేను తప్పు, వాళ్ళు ఒప్పు. కానీ ఒక్కటి గమనించండి. కమిన్స్‌ని కొన్నది ఒక ఖాళీ నింపడానికి. జట్టుకి కెప్టెన్ కావాలి, ఆయన అప్పుడే ప్రపంచ కప్ గెలిచి వచ్చాడు. పేరు చూసి కొనడం వేరు, పని చూసి కొనడం వేరు. ఇక ఆ సీజన్లో 277, 287 కొట్టిన బ్యాటింగ్ చూడండి. హెడ్ 6.8 కోట్లు. క్లాసెన్ 5.25 కోట్లు. అభిషేక్ శర్మ 2019 నుంచీ జట్టులో ఉండి, 2022లో 6.5 కోట్లకి మళ్ళీ తీసుకున్నవాడు. అన్నిటికన్నా ముఖ్యం, నితీష్ కుమార్ రెడ్డి. గాజువాక కుర్రాడు. 20 లక్షలు! 303 పరుగులు చేసి ఆ ఏడాది ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాడు, డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. అంటే వీళ్ళకి చేత కాక కాదు. చేసినప్పుడల్లా ఫలితం వచ్చింది. అయినా అలవాటు చేసుకోరు, అదే నా మంట.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2021 వేలం తర్వాత హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ జట్టులో లేడని అజారుద్దీన్ బాధపడ్డాడు, ఎమ్మెల్యే దానం నాగేందర్ అయితే మ్యాచులు అడ్డుకుంటామన్నాడు. అప్పుడు నా ఫ్రెండ్స్ అందరూ నవ్వారు. "ఇది ప్రొఫెషనల్ లీగు రా, లోకల్ రిజర్వేషన్ ఏంటి? నువ్వు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఈ మాట ఎలా అంటావు?" అని నన్నూ దులిపారు.

వాళ్ళు చెప్పింది సగం నిజం. నాకూ కోటా వద్దు. మ్యాచులు అడ్డుకోవడం శుద్ధ తప్పు. మనవాడు కాబట్టి పదకొండు మందిలో ఉండాలి అంటే రేపు సెలెక్టర్ బావమరిది కూడా మనవాడే అవుతాడు. నేను అడుగుతున్నది సెంటిమెంటు కాదు, వ్యాపారం. ఇంటి పక్కన దొరికే సరుకు గురించి బయటివాడికన్నా నీకు ముందు తెలియాలా వద్దా? సిరాజ్ హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు. 2016-17 రంజీ సీజన్లో 41 వికెట్లు తీశాడు. 2017లో సన్‌రైజర్సే 2.6 కోట్లకి తీసుకున్నారు, 6 మ్యాచుల్లో 10 వికెట్లు ఇచ్చాడు. మరుసటి ఏడాది వదిలేస్తే అదే 2.6 కోట్లకి బెంగళూరు తీసుకుని ఏడు సీజన్లు ఆడించుకుంది. తిలక్ వర్మ కూడా హైదరాబాద్ అబ్బాయే. 2022 వేలంలో ఎవరు ఎంతదాకా ప్యాడిల్ ఎత్తారన్నది పక్కన పెట్టండి, చివరికి ముంబై 1.7 కోట్లకి తీసుకుపోయింది. షెపర్డ్‌కి మనం పెట్టింది దానికి నాలుగున్నర రెట్లు. 2025 ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద తిలక్ నాటౌట్‌గా నిలబడి గెలిపిస్తుంటే నేను గంతులేశాను, వెంటనే కడుపు మండింది కూడా.

ఇక మా జిల్లా సంగతి. హైదరాబాద్ కుర్రాళ్ళకే దిక్కు లేకపోతే వరంగల్ వాడికి ఏముంటుంది? నేను పైన చెప్పిన మా బాబాయి కొడుకు ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో వాడు పరిగెత్తుకొస్తుంటే నాకన్నా పెద్దవాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు. పదిహేడేళ్ళప్పుడు సెలెక్షన్లు అంటే తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయాడు. మొదటి రోజు వాడి నంబరు రాలేదు. రాత్రి ఎవరో చుట్టాల ఇంట్లో పడుకుని మళ్ళీ పోతే రెండో రోజు సాయంత్రం నాలుగు బంతులు వేయించుకుని "సరే, చెప్తాం" అన్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. మూడుసార్లు అట్లా తిరిగాడు. నాలుగోసారి బాబాయి అన్నాడు: "ఇగ చాలు బిడ్డా, డిగ్రీ జేస్కో." అందులో బాబాయి తప్పు లేదు. కొడుకు కోసం ఉద్యోగం వదులుకున్న నితీష్ తండ్రి లాంటి ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఉన్నా, ఆయనకి కనీసం చూసే కన్ను దొరికింది.

మావాడు ఐపీఎల్ ఆడేవాడని నేను అనడం లేదు. బహుశా ఆడేవాడు కాదేమో. నాలుగు బంతుల్లో అది ఎట్లా తేలింది అని అడుగుతున్నాను. ఫ్రెషర్‌కి మనం కూడా మూడు రౌండ్లు పెడతాం గదా!

ఇది అసోసియేషన్ పని, ఫ్రాంచైజీకి ఏం సంబంధం అంటారా? అసోసియేషన్ల నుంచి ఆశించడం నేను ఎప్పుడో మానేశాను. సుప్రీం కోర్టు 2023లో జస్టిస్ నాగేశ్వరరావు గారిని వేసి చక్కదిద్దాల్సి వచ్చిన సంఘం అది. కానీ ఫ్రాంచైజీ వ్యాపార సంస్థ, దానికి లెక్క అర్థం కావాలి. అందుకే లెక్కే చెప్తాను.

ఒకటి. వేలానికి ముందు వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, మహబూబ్‌నగర్, అటు ఆంధ్రా జిల్లాల్లో తలా రెండు రోజులు ట్రయల్స్ పెట్టండి. ఒక వ్యాను, ఒక స్పీడ్ గన్, ఇద్దరు కోచ్‌లు చాలు.

రెండు. ఉప్పల్‌లో మీ నెట్ బౌలర్లని అక్కడి నుంచి తీసుకోండి. క్లాసెన్‌కి పది రోజులు బౌలింగ్ చేస్తే వాడి విషయం వాడికీ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది.

మూడు. 25 మంది జట్టులో ఇద్దరిని, కేవలం ఇద్దరిని, ఈ రెండు రాష్ట్రాల నుంచి కనీస ధరకి తీసుకుని మూడేళ్ళు ఉంచుకోండి. తలా 30 లక్షలు వేసుకున్నా 60 లక్షలు. 120 కోట్లలో అర శాతం! షమీకి పెట్టిన 10 కోట్లలో 2025లో వచ్చింది 9 మ్యాచుల్లో 6 వికెట్లు, ఆ తర్వాత ఆయన్నీ లక్నోకి పంపేశారు. ఆ డబ్బుతో ఇలాంటి కుర్రాళ్ళు ముప్పై మందికి పైగా వస్తారు. ముప్పైలో ఒక్క సిరాజ్ తేలినా పెట్టుబడి తిరిగొచ్చినట్టే.

చివరగా ఒక్క విషయం. 2025 ఏప్రిల్ 6, శ్రీరామనవమి. పొద్దున పానకం తాగి, సాయంత్రానికి నేనూ తమ్ముడూ ఉప్పల్ చేరాం. ఇద్దరం ఆరెంజ్ జెర్సీలే. సన్‌రైజర్స్, గుజరాత్ మ్యాచ్. సిరాజ్ మొదటి ఓవర్లోనే హెడ్‌ని పంపాడు. తర్వాత అభిషేక్‌ని. మొత్తం 17 పరుగులిచ్చి 4 వికెట్లు. మనం చిత్తుగా ఓడిపోయాం.

హెడ్ వికెట్ పడ్డప్పుడు నేను తల పట్టుకుని పక్కకి చూశాను. తమ్ముడు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

"ఏందిరా, మనం ఓడిపోతున్నం" అన్నాను.

"ఓడిపోతే పోనీ అన్నా. మనోడు గెలుస్తుండు గదా."