పాత ఫ్లాటు, పాత కులం: మధిర నుంచి హిమాయత్‌నగర్ దాకా

హైదరాబాద్‌లో సొంత ఫ్లాటు ఉన్న దళిత ఉద్యోగిని చూపించి 'ఇంకా వీళ్లకు రిజర్వేషన్ దేనికి?' అని అడగడం మామూలైపోయింది. 2024 ఆగస్టు 1న పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణను సమర్థించింది. వర్గీకరణ సంగతి వేరు. అదే తీర్పులో నలుగురు న్యాయమూర్తులు ఎస్సీ, ఎస్టీల్లో కూడా క్రీమీలేయర్‌ను గుర్తించాలన్నారు. ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం అలాంటిదేమీ లేదని చెప్పినా చర్చ మాత్రం ఆగలేదు. ఆ చర్చలో దళితుడి ఫ్లాటు ఒక సాక్ష్యంగా మారింది. అందుకే ఆ ఫ్లాటు ఎలా వస్తుందో, వచ్చాక దాంతో పాటు ఏం వస్తుందో, ఏం రాదో లెక్క తేల్చాలి.

ఈ లెక్కను మధిర నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం ఇది. ఇక్కడి ఎమ్మెల్యే మల్లు భట్టి విక్రమార్క 2023 డిసెంబర్ నుంచి ఉప ముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి. ఇదే నియోజకవర్గంలోని చింతకాని మండలాన్ని 2021లో దళితబంధుకు ఎంపిక చేసిన నాలుగు మండలాల్లో ఒకటిగా తీసుకున్నారు. రాజకీయ ప్రాతినిధ్యం, పథకం రెండూ చేరిన నేల ఇది. అయినా ఇక్కడి మాల, మాదిగ పల్లెల నుంచి చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, కాజీపేట-విజయవాడ లైనులో రైలెక్కి హైదరాబాద్ చేరినవాళ్లకు ఇల్లు అనేది వేరే పరీక్ష.

పాత ఫ్లాటే ఎందుకు?

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అమ్మింది ప్రభుత్వమే. అంత ధర పెట్టి కొన్న నేల మీద కట్టే టవర్లలో జీతగాడికి చోటు ఉండదు. మిగిలేవి రెండు దారులు. ఒకటి, ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పోవడం. రెండు, హిమాయత్‌నగర్, బర్కత్‌పుర, నారాయణగూడ, సోమాజిగూడ లాంటి పేరున్న చోట్ల పాతబడిన చిన్న ఫ్లాటు వెతుక్కోవడం. మూడు నాలుగు అంతస్తుల బిల్డింగులు, లిఫ్టు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, కారు పార్కింగ్ మీద రోజూ పంచాయితీ, బాత్రూం గోడల్లో చెమ్మ. అయినా పిల్లల బడి, ఆసుపత్రి, లైబ్రరీ, ఆఫీసు, మెట్రో అన్నీ దగ్గర. దానికి మించి ఇంకో లాభం ఉంది. అది నేల.

అపార్ట్‌మెంట్‌లో మనం కొనేది గోడలు మాత్రమే కాదు, బిల్డింగు కింది స్థలంలో వాటా కూడా. రిజిస్ట్రేషన్ కాగితాల్లో దాన్ని అన్‌డివైడెడ్ షేర్ అంటారు. 600 గజాల్లో 12 ఫ్లాట్లుంటే, సమానంగా పంచితే ఒక్కోదానికి 50 గజాలు. ముప్పై నలభై అంతస్తుల టవర్‌లో ఇంత వాటా రాదు. బిల్డింగు పాతబడే కొద్దీ గోడల విలువ తగ్గుతుంది, నేల విలువ పెరుగుతుంది. ఊళ్లో సెంటు భూమి లేని కుటుంబానికి నగరం నడిబొడ్డున ఆధిపత్య కులాలతో కలిపి, గీత గీసి విడదీయలేని 50 గజాలు దక్కడం చిన్న విషయం కాదు. ఊరు మనల్ని విడదీసే పెట్టింది మరి.

డౌన్‌పేమెంట్ దగ్గర కులం

ఇప్పుడు డబ్బు లెక్క. ఉదాహరణకు ధర 60 లక్షలు అనుకుందాం. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ఇచ్చేది ఆస్తి విలువలో 80 శాతం మించదు. పాత బిల్డింగుకు బ్యాంకు వాల్యూయర్ 50 లక్షలే విలువ కట్టాడనుకోండి, అప్పు 40 లక్షలకు ఆగుతుంది. మిగతా 20 లక్షలు చేతి నుంచి పెట్టాలి. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 2021 జూలై నుంచి 7.5 శాతం. 60 లక్షల మీద అది నాలుగున్నర లక్షలు. బ్రోకర్ కమీషన్, రిపేర్లు పక్కనపెట్టినా ఇరవై నాలుగున్నర లక్షల రూపాయలు ముందే చేతిలో ఉండాలి.

ఇద్దరు కొలీగ్స్, ఒకే జీతం, ఒకే సిబిల్ స్కోరు. ఒకరి నాన్న ఊళ్లో ఎకరం అమ్మి డబ్బు పంపుతాడు. ఇంకొకరి నాన్నకు ఉన్నది లావణి పట్టా. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి లేదు. పేదల భూమి పెద్దల పాలు కాకుండా ఈ చట్టం రక్షణగా నిలబడాలి, అది రద్దు కావాలని ఎవరమూ కోరుకోం. కానీ ఫలితం చూడాలి: ఒక కులం భూమి నగరంలో ఫ్లాటుగా మారగలదు, ఇంకో కులం భూమి మారలేదు. భూమే లేని కుటుంబాల మాట చెప్పక్కర్లేదు. పైగా మొదటి తరం ఉద్యోగి జీతంలోంచి తమ్ముడి ఫీజు, చెల్లి పెళ్లి, అమ్మ మందులు కూడా పోతాయి. జీతం ఒకటే అయినా పొదుపు ఒకటి కాదు. క్రీమీలేయర్ వాదన జీతం స్లిప్పు చూస్తుంది, ఈ తేడా మాత్రం చూడదు.

ధర కుదిరాక వచ్చే ప్రశ్న

డబ్బు సమకూరినా ఇంకో గడప ఉంది. 'మీ ఇంటిపేరేంటి? మీదే ఊరు? నాన్‌వెజ్ తింటారా?' ఈ మూడు ప్రశ్నలూ ఒకే ప్రశ్నకు మారు పేర్లు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ బృందం చేసి 2015లో అచ్చువేసిన అధ్యయనం దళితులకు, ముస్లింలకు ఇళ్లు నిరాకరించడాన్నీ, ఇచ్చినా వేరే షరతులు పెట్టడాన్నీ నమోదు చేసింది. త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ 2001 జనగణన వార్డు లెక్కలతో హైదరాబాద్ సహా ఏడు పెద్ద నగరాలను పరిశీలించి, ఆర్థిక స్థాయి కంటే కులమే మనుషుల్ని ఎక్కువగా వేరు చేస్తోందని 2012లో చూపించారు. నగరానికొస్తే కులం కరిగిపోతుందన్న మాటకు ఆధారం లేదు.

ఇది కొత్త కథ కాదు. విదేశీ చదువుతో 1917లో బరోడా ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్‌కు ఉండటానికి చోటు దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి మరీ వెళ్లగొట్టారు. అదే అంబేద్కర్ తర్వాత బొంబాయి దాదర్‌లోని హిందూ కాలనీలో రాజగృహ కట్టుకున్నారు. పేరున్న పేటలో ఇల్లు ఆయనకు దర్పం కోసం కాదు, పుస్తకాలకు చోటు కోసం, ఎవరూ వెళ్లగొట్టలేని గడప కోసం. మన దగ్గర 1985లో కారంచేడు బాధితులు ఊరు వదిలి చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేసిన రోహిత్ వేముల, అతని సహచరులు క్యాంపస్‌లోనే వెలివాడ వేశారు. ఇంటి ప్రశ్న మనకు ఎప్పుడూ రియల్ ఎస్టేట్ ప్రశ్న మాత్రమే కాదు.

చట్టం ఉంది, పదును లేదు

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 ప్రకారం అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోకుండా, పొందకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం నేరం. బాధితులు ఎస్సీలైతే అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలని, కాదని నిరూపించే బాధ్యత ఎదుటివాళ్లదని సెక్షన్ 12 చెబుతుంది. శిక్ష మాత్రం నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. కోటి రూపాయల ఫ్లాటు బేరంలో 500 జరిమానాకు ఎవరు భయపడతారు?

మరోవైపు 2005లో అహ్మదాబాద్ జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని ఒక సమూహానికే పరిమితం చేసే బైలాను సుప్రీంకోర్టు సమర్థించింది. పార్సీల లాంటి చిన్న సమూహం తన ఉనికి కాపాడుకోవడం వేరు, ఆధిపత్య కులాలు అదే మాట అడ్డం పెట్టుకోవడం వేరు. ఆ తేడాను చట్టం ఇంకా స్పష్టంగా రాయలేదు. దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణలో ఇచ్చింది గానీ, అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. ఫ్లాటు ఓనరును కట్టడి చేయడానికి ప్రత్యేక చట్టం కావాలి.

ఏం అడగాలి?

ప్రభుత్వాలు దళితుడి ఇల్లు అంటే ఊరి చివరి కాలనీ అనే అనుకుంటాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం అవసరమే. 2023 చేవెళ్ల డిక్లరేషన్‌లో ఎస్సీ, ఎస్టీలకు ఇంటికి 6 లక్షలన్న హామీని నిలబెట్టుకోవాలి. కానీ పల్లెలో ఇల్లు ఎక్కువసార్లు పాత వాడ పక్కనే లేస్తుంది, పాత గీత అలాగే ఉంటుంది. నగరం నడుమ ఇల్లు కొనే హక్కు గురించి ఏ పథకమూ మాట్లాడదు.

కాబట్టి డిమాండ్లు సూటిగా ఉండాలి. స్వయం ఉపాధికి ఎస్సీ కార్పొరేషన్ ఇచ్చే మార్జిన్ మనీలాగే, మొదటి ఇల్లు కొనే దళితులకు డౌన్‌పేమెంట్ సాయం కావాలి. దానికి 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. మొదటి ఇంటికి 7.5 శాతం భారం తగ్గించాలి. అపార్ట్‌మెంట్ సంఘాల బైలాల్లో అమ్మకంలో, అద్దెలో కులమతాల నిషేధాలు చెల్లవని రాయించాలి. 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కుల సర్వే ఆస్తుల వివరాలు కూడా అడిగింది. ఎస్సీలు 17.43 శాతమని చెప్పిన ఆ సర్వే, నగరంలో ఏ వార్డులో ఏ కులానికి ఎన్ని సొంత ఇళ్లున్నాయో కూడా ప్రజల ముందు పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, లెక్కలు చాలు.

ఇవి చాలావరకు ఆర్థిక శాఖ ఫైళ్ల మీద కదలాల్సిన పనులు. ఆ శాఖ మధిర ఎమ్మెల్యే చేతిలోనే ఉంది. దళితుడు ఫ్లాటు కొన్నాడని రిజర్వేషన్ తీసేయమనేవాళ్లు, ముందు ఆ 17.43 శాతానికి హిమాయత్‌నగర్ నేలలో ఎన్ని గజాలున్నాయో లెక్క చెప్పాలి.