కుళాయి ముందు.. కండువా తర్వాత

ఆంధ్రప్రదేశ్ పల్లెలు 2021 ఫిబ్రవరిలో ఎన్నుకున్న పంచాయతీలకు రాజ్యాంగం ఇచ్చిన ఆయుష్షు ఐదేళ్లు. మళ్లీ ఓటు వేసే వేళ ఊళ్లలో నడిచే చర్చంతా రిజర్వేషన్ ఎవరికి వస్తుంది, ఏ వర్గం ఎవరిని నిలబెడుతుంది, ఎవరు ఎంత ఖర్చు పెట్టగలరు అన్న దాని చుట్టూనే. ఊరికి ఏం కావాలన్న మాట చివరికెప్పుడో వస్తుంది, చాలాచోట్ల అసలు రాదు. ఈ వరుస తిరగబడాలి. అభ్యర్థి ఎవరో తేలకముందే ఊరి అవసరాల్లో ఏది ముందో, ఏది వెనకో ఊరే తేల్చుకోవాలి.

అందుకు రెండు ప్రశ్నలు చాలు. ఆ పని పంచాయతీ చేతిలో ఉందా? అది జరగకపోతే మొదట దెబ్బతినేది ఎవరు? రాజధాని, పోలవరం, విశాఖ ఉక్కు చిన్న విషయాలేమీ కావు. వాటికి శాసనసభ, లోక్‌సభ ఎన్నికలున్నాయి. అవి సర్పంచ్ సంతకంతో కదిలేవి కావు. 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీల ముందుంచింది. తాగునీరు, పారిశుద్ధ్యం, ఊరి రోడ్లు అందులోవే. పంచాయతీ ఎన్నికల్లో ఓటు పడాల్సింది వీటి మీద.

మొదటి స్థానం తాగునీటిదే. ఇందులో మరో మాటకు తావు లేదు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల మంచినీరు అందాలంటోంది. కుళాయి బిగించినంత మాత్రాన అది నెరవేరదు. ఓవర్‌హెడ్ ట్యాంకును చివరిసారి ఎప్పుడు కడిగారో రాయాల్సిన చోట ఏళ్లనాటి తేదీ వెలిసిపోయి ఉంటుంది. పైపు పగిలిన చోటే మురుగు కాలువ పారుతుంటుంది. మోటారు కాలిపోతే బాగుచేయించడానికి బిల్లు ఎవరి ఖాతాలో వేయాలో తేలక రోజులు గడుస్తాయి. డబ్బున్న ఇంటికి మినరల్ వాటర్ టిన్ను వస్తుంది. కూలికి వెళ్లే ఇల్లు మాత్రం కుళాయి నీళ్లే తాగుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు తీసింది. అక్కడ బయటపడిన లోపాలు తాగునీరు, పారిశుద్ధ్యం. రెండూ పంచాయతీ గడపలోని పనులే.

నీటిని మొదటి స్థానంలో పెట్టిన ఓటర్లు మన చరిత్రలో లేకపోలేదు. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోతున్నా పట్టించుకునేవారు లేక, 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్గొండలో ఊళ్లకు ఊళ్లు నామినేషన్లు వేశాయి. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా వేయక తప్పలేదు. నిలబడ్డవారిలో అత్యధికులకు డిపాజిట్లు దక్కలేదు. అయినా దేశం నల్గొండ నీళ్ల గురించి మాట్లాడుకుంది. ఢిల్లీ స్పందన చూడండి: అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ జనరల్ స్థానాలకు డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. గొంతు విప్పడం ఖరీదైంది. కానీ నల్గొండ పల్లెలకు కృష్ణా నీళ్లు తేవాలన్న మాటను పక్కనపెట్టడం ఆ తర్వాత ఏ పార్టీకీ సాధ్యం కాలేదు.

రెండో స్థానం పంచాయతీ డబ్బుది. 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించింది. మిగతా 40 శాతం జీతాలకు తప్ప ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్న సంఘానికి తెలిసిన వరుస మన ఊరికి తెలియకపోతే ఎలా? ఈ డబ్బునే గత పాలకవర్గాల కాలంలో విద్యుత్ బకాయిల కింద సర్దేశారని సర్పంచ్‌లు రోడ్డెక్కారు. పార్టీలకు అతీతంగా అందరూ చెప్పిన మాట ఒకటే: చెక్కు మీద సంతకం మాది, ఖాతా మాత్రం మాది కాదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో గడువు ముగిసిన పంచాయతీలకు 2025 డిసెంబరుదాకా ఎన్నికల్లేవు. ప్రత్యేకాధికారుల ఏలుబడిలో ఊళ్లు కేంద్ర గ్రాంట్లకు దూరమయ్యాయి. చేసిన పనులకు బిల్లులు రాక మాజీ సర్పంచ్‌లు ధర్నాలు చేశారు. గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలన్న రాజ్యాంగ నిబంధనను ఏ ప్రభుత్వమైనా తేలిగ్గా తీసుకుంటే నష్టపోయేది ఊరే.

మూడోది పారిశుద్ధ్యం. కాలువల పూడిక, చెత్త సేకరణ, దోమల మందు, పారిశుద్ధ్య కార్మికుల జీతం. నాలుగోది గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టారు. మంచిదే. అయితే సర్కారు తేదీ ప్రకటించినప్పుడే కాదు, సర్పంచ్ లెక్క చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ సభ జరగాలి. రిజిస్టర్ ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకునే సభ సభే కాదు.

వరుసలో అన్నిటికన్నా అడుగున ఉండాల్సింది కులం, కండువా. సర్పంచ్ ఎన్నిక చట్టప్రకారం పార్టీ గుర్తులపై జరగదు. ఆ నియమం కాగితం మీదే మిగిలింది. ఏకగ్రీవాల పేరిట పదవిని వేలం వేసి, ఆ సొమ్ము గుడికిస్తున్నామని సమర్థించుకోవడం మరో జాడ్యం. 2021లో ప్రభుత్వమే ఏకగ్రీవాలకు 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. పోటీ లేని చోట ప్రశ్న కూడా ఉండదు. నిధులివ్వాలంటే మంచినీళ్లు అందించిన పంచాయతీకి ఇవ్వండి, ఎన్నిక తప్పించుకున్న పంచాయతీకి కాదు.

'అధికార పార్టీ మనిషైతేనే పనులవుతాయి కదా' అనేవారుంటారు. ఆ వాదన నిజమైతే అది ఓటరు తలవంచాల్సిన నిజం కాదు, నిలదీయాల్సిన అన్యాయం. ఆర్థిక సంఘం గ్రాంటు ఊరి హక్కు. దాన్ని ఎమ్మెల్యే దయగా మార్చింది మన మౌనమే.

నామినేషన్ వేసే ప్రతి అభ్యర్థినీ ఊరు నాలుగు ప్రశ్నలు అడగాలి. ట్యాంకు ఎన్నాళ్లకోసారి కడిగిస్తారు? పంచాయతీ ఖాతా లెక్కలు ఏ గోడ మీద రాయిస్తారు? కాలువ పూడిక ఎప్పుడు తీయిస్తారు? గ్రామసభ ఏ తేదీన పెడతారు? జవాబులు కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. సంతకం చేయనివారికి ఓటు వేయకూడదు.