కుండీలో కుదరని పొత్తులు

మిద్దెతోట మొదలుపెట్టేవాళ్ల చేతికి విత్తనాలకంటే ముందు ఒక పట్టిక వస్తుంది. టమాటాకు తోడు తులసి, బంతి. క్యారెట్‌కు తోడు ఉల్లి. దోసకు ముల్లంగి. పడని మొక్కల జాబితా వేరే ఉంటుంది. ఈ పట్టిక చూసుకుని ఒకే గ్రోబ్యాగులో మధ్యన టమాటా, దాని మొదట్లో బంతి, అంచు వెంబడి ఉల్లి, ఓ మూలన పుదీనా నాటేస్తారు. కొత్తలో ఫొటోకు ముచ్చటగానే ఉంటుంది. నెలన్నర పోయాక ఆ బ్యాగును ఎవరూ ఫొటో తీయరు.

కలిపి పెంచితే మొక్కలు ఒకదానికొకటి సాయపడతాయన్న మాట పొలంలో చాలావరకు నిజం. కుండీ దగ్గరికి వచ్చేసరికి చాలావరకు అబద్ధం. ఈ తేడా చెప్పకుండా పొలం సూత్రాన్ని ఇరవై లీటర్ల మట్టికి అంటగట్టడం మీదే నా అభ్యంతరం.

పొత్తుల పక్షం వాళ్లు ముందుగా మన మెట్ట రైతులను సాక్ష్యానికి పిలుస్తారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఒకే చేలో పదికి పైగా పంటలు పండించడం లేదా? అనంతపురం రైతు వేరుశనగలో కంది వేయడం లేదా? వేస్తాడు. ఎలా వేస్తాడో కూడా చూడాలి కదా. ఏడు సాళ్ల వేరుశనగకో, పదకొండు సాళ్లకో ఒక్క సాలు కంది. వేరుశనగ నాలుగు నెలల లోపు పంట, కంది ఐదారు నెలలు నిలుస్తుంది. మొదట్లో కంది బద్ధకంగా పెరుగుతుంది కాబట్టి వేరుశనగకు పడే ఎండకు అడ్డు రాదు. వేరుశనగ పీకేశాక చేనంతా కందిదే. పైగా కంది తల్లివేరు లోతుకు దిగిపోయి, వేరుశనగకు అందని తేమను అందుకుంటుంది. ఆ రెండు పంటలూ సర్దుకుపోతున్నాయంటే, లోతులో ఒకరి వాటా ఒకరు ముట్టుకోరు, కాలంలోనూ ఇద్దరి అవసరాలూ ఒక్కసారే మీద పడవు కాబట్టే.

కుండీలో ఆ లోతు ఎక్కడుంది? అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రోబ్యాగులో పట్టేది ఇరవై లీటర్ల పైచిలుకు మట్టి. అందులో కంది వేరైనా తోటకూర వేరైనా అడుగుకు తగిలి చుట్టలు చుట్టుకోవలసిందే. పై పొర ఒకరిది, కింది పొర ఇంకొకరిది అనుకోవడానికి అక్కడ రెండు పొరలే లేవు. ఇద్దరు ఒకే చెంబులోంచి తాగుతున్నప్పుడు ఎవరి గుక్క పెద్దదైతే నీళ్లు వాళ్లవి. ఏ మేడ మీదైనా ఆ పెద్ద గుక్క టమాటాదో వంగదో అవుతుంది. ఉల్లి గడ్డ కట్టదు, బంతి పుల్లలా సాగుతుంది.

ఇక బంతి సంగతి. ఈ వాదానికి పట్టపు దేవత అదే కాబట్టి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. బంతి గురించి చెప్పేవి గాలి కబుర్లు కావు, రెండు నిజాలున్నాయి. బంతి వేళ్లలో వేరు నులిపురుగులను దెబ్బతీసే రసాయనం ఉంటుంది. అయితే ఆ మేలు దక్కాలంటే మడి నిండా బంతిని దట్టంగా వేసి, రెండు నెలలైనా పెంచి, ఆ తర్వాత కూరగాయ నాటాలి. టమాటా పక్కన నిలబెట్టిన ఒక్క బంతి మొక్క టమాటా వేరును కాపలా కాయదు. కుండీలో నులిపురుగు పడితే అంత తతంగమూ అక్కర్లేదు. ఆ మట్టిని పారబోయవచ్చు, లేదంటే వేసవిలో తడిపి, పాలిథిన్ కప్పి, నాలుగు వారాలు ఎండకు మగ్గబెట్టవచ్చు. పొలం రైతుకు ఇంత తేలిగ్గా దొరకని ఈ వెసులుబాటు చేతిలో ఉంచుకుని బంతిని మొక్కుకోవడం ఎందుకో!

రెండో నిజం ఇంకా ఆసక్తికరం. టమాటాలో కాయతొలుచు పురుగుకు బంతిని ఎర పంటగా వేయమని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసు చేసింది. పదహారు సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి. టమాటా నారు వయసు 25 రోజులైతే, బంతి నారు 40 రోజులు దాటినది తెచ్చి నాటాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి, తల్లి రెక్కలపురుగు టమాటాను వదిలి బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. గమనించారా? బంతి పురుగును తరిమేయదు, పిలుస్తుంది! పిలిచిన పురుగును బంతి మీదే ఏరిపారేయాలి, టమాటా దాకా రానివ్వకూడదు. సిఫారసు సారం అది. మనవాళ్లేమో బంతిని టమాటా కొమ్మలకు రాసుకునేంత దగ్గరగా, అదే కుండీలో నాటి, 'వాసనకు పురుగు రాదు' అని నిశ్చింతగా ఉంటారు. వచ్చిన గొంగళి పక్క కొమ్మ మీదికి పాకడానికి ఎంతసేపు?

చిక్కుడు జాతి పంటలు పక్క మొక్కకు నత్రజని ఇస్తాయన్నది కూడా ఇలాంటి సగం సత్యమే. వేళ్ల బుడిపెల్లో బ్యాక్టీరియా కూడబెట్టే నత్రజనిలో ఎక్కువ భాగం ఆ మొక్కే వాడుకుంటుంది, చివరికది గింజల్లోకి చేరుతుంది. మట్టికి దక్కేది ప్రధానంగా మొక్క చచ్చి, వేళ్లూ ఆకులూ కుళ్లాకే. పక్కనే బతికున్న వంగకు బొబ్బర్లు పెట్టేది అన్నం కాదు, పోటీ. బొబ్బర్ల కాపు అయ్యాక మొదలు కోసేసి, వేళ్లను మట్టిలోనే వదిలి, తర్వాత పాలకూర చల్లితే అప్పుడు దక్కుతుంది ఆ మేలు.

అందం కోసం కలిపే కుండీల మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. మధ్యన పొడుగుది, చుట్టూ గుబురుది, అంచున జారేది అన్న సూత్రంతో కడియం నర్సరీల మొక్కలు తెచ్చి పేర్చుకుంటే కంటికి బాగుంటుంది. ఒక్క షరతు: మూడింటికీ ఎండ, నీళ్లు ఒకే కొలతలో కావాలి. నీళ్లు తక్కువ కావాల్సిన కలబందను, రోజూ నీళ్లడిగే మొక్కను పక్కపక్కన పెడితే రెండింట్లో ఒకటి మీ చేతిలో పోతుంది. వంటింటి మొక్కల్లో ఈ పొరపాటు మరీ ఎక్కువ. కరివేపాకు కింద ఖాళీ ఉంది కదా అని పుదీనా గుచ్చుతారు. పుదీనాకు తడి ఆరకూడదు, కరివేపాకుకు పై మట్టి ఆరితేగాని మళ్లీ నీళ్లు పోయకూడదు. పుదీనా మాట వింటే కరివేపాకు వేరు కుళ్లుతుంది. పైగా పుదీనా కాడలు మట్టిలో పాకి కుండీ అంతా ఆక్రమిస్తాయి. దానికెప్పుడూ వేరింటి కాపురమే. (అడుగున కంకర పోశాం, నీళ్లు నిలవవు అంటారు. ఏ కుండీకైనా మట్టి అడుగున ఒక తడి పొర మిగులుతుంది. కంకర పోస్తే అది పైకి, వేళ్లకు ఇంకా దగ్గరికి జరుగుతుంది, అంతే. కరివేపాకుకు కావలసింది కంకర కాదు, లోతైన కుండీ.)

కుండీలో పొత్తులు వద్దంటే రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, ప్రకృతిలో ఏదీ ఒంటరిగా పెరగదని. అడవిలో మొక్కకు ఎవరూ చెంబుతో నీళ్లు పోయరు, మే నెల ఎండకు కాలిన శ్లాబు మీద నల్ల ప్లాస్టిక్ సంచిలో వేళ్లు ఉడకవు. అయినా వైవిధ్యం వద్దనడం లేదు. మేడ మీద నలభై కుండీలుంటే వాటిలో ఇరవై రకాలు ఉండనివ్వండి. తేనెటీగలు వస్తాయి, పేనుబంకను తినే అక్షింతల పురుగులు వస్తాయి, ఒక తెగులు తోటంతా ఊడ్చేయదు. వైవిధ్యం కుండీకీ కుండీకీ మధ్య ఉండాలంటున్నాను. బంతి కూడా అలాగే, దాని కుండీ దానికిచ్చి, టమాటాలకు రెండు మూడు గజాల అవతల పెట్టి, పూట పూటా పురుగు ఏరితే పనిచేసే అవకాశముంది.

రెండో జవాబు, జాగా లేదని. ఇది నిజమైన ఇబ్బంది, కాదనను. బాల్కనీలో నాలుగు కుండీలకే చోటున్నవాళ్లు ప్రతి అంగుళాన్నీ వాడుకోవాలనుకోవడం సహజం. వాళ్లకు పనికొచ్చేది స్నేహ పట్టిక కాదు, క్యాలెండరు. అనంతపురం రైతు కిటుకులో లోతు మనకు రాదుగాని, కాలం వస్తుంది. దసరా వెళ్లాక వంగ నారు పెద్ద కుండీ మధ్యలో నాటి, అదే రోజు అంచు చుట్టూ మెంతులు చల్లండి. వంగ పాదుకుని కొమ్మలు వేసేలోపు, మూడు నాలుగు వారాల్లో మెంతికూర కోతకొస్తుంది. టమాటా మొదట్లో కొత్తిమీరకూ ఇదే లెక్క, కాకపోతే ఇంకో పది రోజులు ఎక్కువ పడుతుంది. ముదరనివ్వకుండా, గింజ కట్టేదాకా ఆగకుండా మొదలంటా కోసేయాలి. కోశాక ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది, ఇంకేదైనా గుచ్చాలని చేయి లాగుతుంది. గుచ్చకండి. పైకి ఖాళీగా ఉన్నా, ఆపాటికి కింద వంగ వేళ్లు అక్కడికి వచ్చేసి ఉంటాయి.