మా చీటీలను మేమే ఎందుకు చదువుకోము?

యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా వైద్యులు వేలెత్తి చూపేది ఇద్దరినే: పల్లెలోని ఆర్‌ఎంపీని, వీధి చివరి మందుల షాపును. వారి తప్పు లేదని నేను అనను. కానీ జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021-22లో 20 పెద్ద ఆసుపత్రులలో జరిపిన సర్వేను గమనించండి. వార్డులలోని రోగులలో దాదాపు 72 శాతం మందికి యాంటీబయాటిక్ రాసి ఉంది. అందులో సగానికి పైగా ఉన్న జబ్బుకు కాదు, ముందుజాగ్రత్తకట! చికిత్సకై రాసిన వాటిలో సూక్ష్మజీవి ఏదో తేలిన తరువాత రాసినవి సుమారు 6 శాతమే. ఆ చీటీలు రాసినది ఆర్‌ఎంపీలు కారు.

దీనికి మందు ప్రిస్క్రిప్షన్ ఆడిట్. ఆ మాట అనగానే మా వారికి కోపం వస్తుంది. "నా చీటీని ప్రశ్నించడానికి మీరెవరు?" అంటారు. అయ్యా, మీ చీటీని ఇప్పటికే లెక్కిస్తున్నారు. ఏ డాక్టరు ఏ బ్రాండు ఎంత రాస్తున్నాడో మందుల షాపులలో ఆరా తీయడం మెడికల్ రిప్రజెంటేటివ్‌ల ఉద్యోగంలో భాగం. దానికి వారు పెట్టుకున్న పేరు కూడా ప్రిస్క్రిప్షన్ ఆడిటే. అమ్మకానికి పనికివచ్చిన లెక్క చదువుకు పనికిరాదా?

పదవీ విరమణకు ముందు ఒకసారి నా నెల రోజుల చీటీలను నేనే ముందు వేసుకున్నాను. కారణం రాశానా, ఆ జబ్బుకు ఆ మందు తగునా, మోతాదు సరిపోయిందా, ఎన్ని రోజులు అవసరం? ఇవే ప్రశ్నలు. మామూలు జలుబుకు అజిత్రోమైసిన్ రాసిన చీటీలు కనబడ్డాయి. చేతిరాత నాదే. ఎందుకు రాశానో మాత్రం ఏ చీటీలోనూ లేదు. సాయంత్రపు రద్దీలో వాదించే ఓపిక లేక రాసి ఉంటాను.

ఇంగ్లండులో 2014లో తోటివారి కంటే అధికంగా యాంటీబయాటిక్‌లు రాస్తున్న క్లినిక్కులకు, ఆ సంగతి తెలుపుతూ ప్రధాన వైద్యాధికారి ఉత్తరం పంపారు. జరిమానా లేదు, బెదిరింపు లేదు. ఆరు నెలలలో వారి చీటీలు 3.3 శాతం తగ్గాయి. ఒక్క ఉత్తరం ఖర్చుకు అది తక్కువ ఫలితం కాదు.

మన దగ్గర 2014 మార్చి నుండి షెడ్యూల్ హెచ్1 మందులకు షాపులో వేరే రిజిస్టరు ఉండాలి. అందులో వైద్యుని పేరూ ఉంటుంది. దానిని వైద్యునికి పాఠం చెప్పడానికి తెరిచిన సందర్భం నా ఎరుకలో ఒక్కటీ లేదు. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్, యాంటీబయాటిక్ రాసే ప్రతిసారీ కారణం కూడా రాయమని వైద్యులను కోరారు. కోరడం వరకే.

అధికారులకు కూడా ఒక మాట. ఆడిట్‌ను షోకాజ్ నోటీసుగా మార్చకండి. మార్చిన మరునాటి నుండి చీటీలో ప్రతి జలుబూ న్యుమోనియా అవుతుంది. ఫలితాన్ని ఆ వైద్యునికి ఏకాంతంగా చూపి, సీనియర్ ఒకరు పక్కన కూర్చొని మాట్లాడాలి. మూడు నెలలకు మళ్లీ చూడాలి.

పాఠకులారా, అంతవరకు ఆ ఆడిట్ మీరే మొదలుపెట్టవచ్చు. చీటీ అందుకున్నప్పుడు మర్యాదగానే అడగండి: "డాక్టరుగారూ, ఈ యాంటీబయాటిక్ దేనికి, ఎన్ని రోజులు?"